సింగనకోటలో సురక్షిత వినియోగదారుడు

సింగనకోటలో వేరుశనగ తినని మనిషి ఒకే ఒక్కడు ఉండేవాడు. ఆయన పేరు కూర్మనాథం. బ్యాంకులో క్యాషియరు. శ్రీకాకుళం వైపునుంచి బదిలీ మీద వచ్చాడు.

తినకపోవడం ఆయన పట్టుదల కాదు, ఒంటితీరు. వేరుశనగ నోట్లో పడితే పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు పూడుకుపోతుంది. అలాంటి మనిషిని సింగనకోటకు పంపినందుకు బ్యాంకును తప్పు పట్టలేం. బదిలీలు చేసేవాళ్లు ఖాళీలు చూస్తారు గాని గొంతులు చూడరు. ఆ ఊరి చుట్టూ కనుచూపు మేర వేరుశనగ చేలే. అక్కడ వాటిని బుడ్డలంటారు. ఇడ్లీలోకి బుడ్డల చట్నీ, రాగి సంగటిలోకి బుడ్డలు నూరిన ఊరిబిండి పచ్చడి, వంకాయలోకి బుడ్డల పొడి, సాయంత్రం కబుర్లలోకి ఉడకబెట్టిన బుడ్డలు.

చేరిన కొత్తలో ఒక ఉదయం ఆయన ఉగ్గాని తిన్నాడు. నానబెట్టిన బొరుగులతో, అంటే మరమరాలతో చేసే ఆ ఫలహారం మీద చల్లిన పొడి ఏమిటని అడగాలని తోచలేదు. ఆటోలో వేసుకుని ఆస్పత్రికి చేర్చేసరికి మాట పడిపోయింది. డాక్టర్ మెహరున్నీసా తొడలోకి సూది గుచ్చి, ఆయన మళ్లీ నోరు తెరిచి మాట్లాడేదాకా పక్కనే నిలబడింది.

"ఇకమీద ఏది తిన్నా అడిగి తినండి," అంది. "మొహమాటపడితే ఈసారి నా దాకా రాలేరు."

ఆయన మొహమాటం వదిలేశాడు. మధ్యాహ్నం, రాత్రి ఓబుళమ్మ మెస్‌లో భోజనం. ఓబుళమ్మ పెద్ద నోరు, పెద్ద చెయ్యి గల మనిషి. ఎవరింట్లో ఏం జరిగినా ఆమె మెస్‌లో పప్పుతో పాటు వడ్డనకొచ్చేది. బుడ్డలు పడవని కూర్మనాథం మొదటిసారి చెప్పినప్పుడు ఆమె ఆయన్ను చూసి నిట్టూర్చింది.

"అయ్యో, బుడ్డలు లేకుండా ఎట్ల బతికినావప్పా ఇన్నాళ్లూ?"

"మావైపు నువ్వుపప్పుంటాదక్కా. దాంతో లాక్కొచ్చేసినాను."

ఆనాటినుంచి ఆమె ఆయన కోసం కూర విడిగా తీసి పెట్టేది. అయినా కూర్మనాథం కూర్చోగానే ఒక్కొక్క గిన్నె చూపించి అడిగేవాడు. ఆమె చెప్పేది. "దీంట్లో ఉండాయి. దీంట్లో లేవు. దాని జోలికి పోవద్దు." కొంతకాలానికి మెస్‌లో తినే మిగతావాళ్లకు కూడా అలవాటైపోయింది. ఆమె లోపల పనిలో ఉంటే పోస్టుమాస్టరు జవాబు చెప్పేవాడు. అలా రెండేళ్లు కూర్మనాథం ఒంటి మీద ఒక్క దద్దురు కూడా లేవలేదు.

అప్పుడు ప్రభుత్వం ఆయన్ను కాపాడాలని నిర్ణయించింది.

రాజధానిలో ఒక పెద్దాయన విదేశీ పర్యటనకు వెళ్లి, విమానంలో ఇచ్చిన బిస్కెట్ పొట్లం వెనక చిన్న అక్షరాలు చదివి చలించిపోయాడట. తిరిగి వచ్చాక ఆహార జాగరూకతా శాఖ అని ఒకటి పుట్టింది. ప్రతి జిల్లాకూ ఒక అధికారి, ఒక జీపు, ఒక రబ్బరు స్టాంపు వచ్చాయి. సింగనకోటకు వచ్చిన అధికారి పేరు విరూపాక్షప్ప.

ఈయన గురించి ఒక మాట చెప్పాలి. లంచం తీసుకునేవాడు కాదు. ఆఫీసుకు ఆలస్యంగా వచ్చేవాడు కాదు. పై నుంచి వచ్చిన ప్రతి సర్క్యులర్‌నూ చివరి వరకూ చదివేవాడు. అంతటితో ఆగినా పర్వాలేదు, చదివినదాన్ని అమలు చేసేవాడు.

మొదటి సర్క్యులర్ ప్రకారం జిల్లాలోని అలర్జీ వినియోగదారులను గుర్తించాలి. విరూపాక్షప్ప ఊరూరా దండోరా వేయించాడు. చాలామందే వచ్చారు. ఒకాయనకు అల్లుడు పడడు. ఒకావిడకు పొద్దున్నే లేవడం పడదు. ఒక ఉపాధ్యాయుడికి జనాభా లెక్కల డ్యూటీ పడదు, దానికి సర్టిఫికెట్ కావాలన్నాడు. డాక్టరు చీటీతో నిలిచినవాడు మాత్రం కూర్మనాథం ఒక్కడే.

విరూపాక్షప్ప స్వయంగా బ్యాంకుకు వచ్చి కౌంటరు దగ్గర నిలబడి ఆయనతో చేయి కలిపాడు.

"సదరు పథకానికి జిల్లాలో ఏకైక లబ్ధిదారుడు తమరే," అన్నాడు. "తమరు లేకపోతే మా శాఖ ఉనికికే ఆధారం లేదు."

"నాకిప్పుడు ఇబ్బందేటీ లేదండి," అన్నాడు కూర్మనాథం. "అడిగి తింటన్నాను, బాగానే జరిగిపోతాంది."

"అదే కదా సమస్య. అడిగి తినడం అనధికారిక పద్ధతి. ఇకపై తమరు నిబంధనల మేరకు సురక్షితంగా ఉంటారు."

కూర్మనాథం చేయి వెనక్కి తీసుకుని, ఆపిన నోట్ల లెక్క మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

ఆ వారమే ఊళ్లోని హోటళ్లు, మెస్సులు, మిఠాయి కొట్లవాళ్లందరినీ పిలిచి సమావేశం పెట్టారు. ప్రతి పదార్థం మీదా దానిలో అలర్జీ కలిగించేవి ఏమున్నాయో లేబుల్ అతికించాలి, ఉన్నది రాయకపోతే జరిమానా అని విరూపాక్షప్ప చదివి వినిపించాడు. బస్టాండు హోటలు రంగప్ప లేచాడు. ఆయన బుర్ర చురుకైనది.

"సార్, ఉండేది రాయకుంటే ఫైను. మరి లేనిది ఉండాదని రాస్తే?"

విరూపాక్షప్ప సర్క్యులర్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "దానికి శిక్ష నిర్దేశించబడలేదు."

"'ఉండవచ్చు' అని రాయొచ్చునా?"

"రాయవచ్చు."

రంగప్ప కూర్చున్నాడు. మిగిలినవాళ్లు ఆయన ముఖం చూశారు. తెల్లవారేసరికి సింగనకోట అంతటా ఒకే లేబుల్ వెలిసింది. ఊళ్లో ఉన్న ఒక్క ప్రింటింగు ప్రెస్సువాడు దాన్ని కట్టలు కట్టలుగా వేశాడు. "ఇందులో వేరుశనగ, పాలు, గోధుమ, నువ్వులు, గుడ్డు, చేప, రొయ్య, సోయా ఉండవచ్చు." ఇడ్లీ పళ్లెం మీద అదే, మజ్జిగ గ్లాసు మీద అదే. ఉప్పు డబ్బా మీద, అరటిపండ్ల గెల మీద, మంచినీళ్ల కూజా మీద కూడా అదే. పుల్లయ్య కిళ్లీ కొట్లో సున్నం డబ్బాకు కూడా అంటించారు. విరూపాక్షప్ప ఊరంతా తిరిగి చూసి, నూటికి నూరు శాతం అమలు అని నివేదిక పంపాడు. అది అబద్ధం కాదు.

ఆ మధ్యాహ్నం కూర్మనాథం మెస్‌కు వెళ్లి ఎప్పటిలాగే గిన్నె చూపించి అడిగాడు. ఓబుళమ్మ గిన్నె మీది లేబుల్ వైపు వేలు చూపింది.

"అది చదివినానక్కా. నీళ్ల మీదా అదే ఉంది. కూరలో ఉన్నాయా లేవా, అది చెప్పు."

"సెప్పకూడదంటప్పా." ఆమె వీధివైపు చూసి గొంతు తగ్గించింది. "నిన్న సార్ కాగితం ఇచ్చిపోయినాడు. నోటిమాటకు రికార్డు ఉండదంట. అందుకని నోటితో సెప్తే నేరమంట. ఏమైనా ఉంటే లేబులే సెప్పల్ల."

"లేబుల్ ఏటీ చెప్పట్లేదు కదా."

"దానికి నేనేం సేసేది? కాగితంలో సైగలు కూడా రాసినాడు. తల ఊపితే కూడా ఫైనే."

జీవితంలో మొట్టమొదటిసారి ఓబుళమ్మ నోరు మూసుకుని నిలబడింది. ఆమెకు అది పడలేదని ముఖం చూస్తేనే తెలిసింది. పోస్టుమాస్టరు తల వంచుకుని పప్పు కలుపుకుంటున్నాడు. కూర్మనాథం ఉత్త అన్నం, పెరుగు తిని లేచాడు. ఆ పెరుగు మీద కూడా చేప ఉండవచ్చని రాసి ఉంది.

మర్నాడు ఉదయం ఆయన రంగప్ప హోటలుకు వెళ్లాడు. అక్కడ కొబ్బరి చట్నీ ఎన్నోసార్లు తిన్నదే, భయం లేదనుకున్నాడు. అయితే లేబుల్ వచ్చాక రంగప్పకు ఒక సదుపాయం కలిగింది. కొబ్బరికాయ ధర ఎక్కువ, బుడ్డలు చవక. ఎలాగూ ఉండవచ్చని రాసే ఉంది కాబట్టి సగానికి సగం కలపడం మొదలుపెట్టాడు. రెండో ఇడ్లీ సగంలో ఉండగానే కూర్మనాథం పెదవి మొద్దుబారింది. లేచి, చెయ్యయినా కడుక్కోకుండా ఆటో ఎక్కాడు. డాక్టర్ మెహరున్నీసా ఈసారి కూడా సమయానికే సూది గుచ్చింది గాని, ఆయన శ్వాస నిలకడకు వచ్చేదాకా గడియారం వైపు చూస్తూనే ఉంది.

"అడగలేదా?" అంది తర్వాత.

"అడిగినాను. చెప్పకూడదంటండి."

ఆమె ఫోన్ తీసి విరూపాక్షప్పకు చేసి, ఏమన్నదో గాని, ఆయన జీపులో పరుగున వచ్చాడు. మంచం పక్కన కూర్చున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం కూర్మనాథం చూశాడు. ఆయన దుర్మార్గుడు కాడు.

విచారణ జరిగింది. నివేదిక ఇలా తేల్చింది: "లేబుల్ నందు వేరుశనగ ఉండవచ్చునని పేర్కొనబడినది. చట్నీ నందు వేరుశనగ ఉన్నది. కావున లేబుల్ సత్యము. హోటలు యాజమాన్యం నిర్దోషి. లోపమెల్లా సదరు వినియోగదారుని హోటలులోనికి రానిచ్చుటయందే కలదు."

ఇక ఆ లోపాన్ని సవరించడమే మిగిలింది. బ్యాంకు గుర్తింపు కార్డులోని కూర్మనాథం ఫోటోను పెద్దది చేసి, కింద "సురక్షిత వినియోగదారుడు. ఇతనికి ఆహారము విక్రయించరాదు" అని అచ్చు వేసి అన్ని హోటళ్లకూ పంచారు. బస్టాండులో స్థలం లేక జేబుదొంగల ఫోటోల పక్కన అంటించారు. పైన దొంగలు, కింద కూర్మనాథం. ఆ రోజే ఒక కానిస్టేబుల్ ఆయన్ను వీధిలో ఆపి చొక్కా జేబు తడిమాడు. మూడో రోజుకు కిరాణా కొట్లకూ ఉత్తర్వు వర్తింపజేశారు. బ్యాంకులో తోటివాళ్లు టిఫిన్ డబ్బాలు తీసుకుని మెట్ల కింద కూర్చుని తినసాగారు. "ఏమనుకోవద్దు సార్, మీ మంచికే," అన్నాడు మేనేజరు తలుపు వేసుకుంటూ.

కూర్మనాథం పక్క ఊరినుంచి బియ్యం తెచ్చుకుని, గదిలో నీళ్లు కాచే కెటిల్‌లో ఉడికించుకున్నాడు. కొన్నిసార్లు జావ అయ్యేది, కొన్నిసార్లు గింజలుగా ఉండేది. సంగతి తెలిసి వాళ్లమ్మ ఇంటినుంచి చిమ్మిలి పంపింది. నువ్వులు, బెల్లం దంచి చేసిన ఉండలు. వాటితో, జావతో రోజులు నెట్టుకొచ్చాడు. బెల్టుకు కొత్త కన్నాలు పడ్డాయి. బ్యాంకులో నోట్లు లెక్కపెడుతూ మధ్యలో ఆగి, లెక్క మరిచి, మళ్లీ మొదలుపెట్టేవాడు.

జిల్లాలో అలర్జీ ప్రమాదాలు సున్నాకు చేరాయి. రాజధాని నుంచి ప్రశంసాపత్రం వచ్చింది.

నెలాఖరున సురక్షిత వినియోగదారుని క్షేమాన్ని స్వయంగా పరిశీలించాలని నిబంధన. విరూపాక్షప్ప కూర్మనాథం గదికి వచ్చాడు. మనిషి చిక్కిపోవడం చూసి కొంచెం తడబడ్డాడు.

"తమరు... క్షేమమే కదా?"

"క్షేమమేనండి. ఏటీ తినట్లేదు కాబట్టి ఏ ప్రమాదమూ లేదు."

ఈ మాటలో వెటకారం ఉందా లేదా అని విరూపాక్షప్ప ఆలోచించాడు. నిబంధనల్లో దాని ప్రస్తావన లేనందున రాసుకోలేదు. ఇంటికొచ్చిన మనిషిని ఉత్తిచేతులతో పంపడం కూర్మనాథం ఎరగడు. డబ్బా మూత తీసి ఒక చిమ్మిలి ఉండ చేతిలో పెట్టాడు. అమ్మ పంపినదని చెప్పాడు. కాదనలేక విరూపాక్షప్ప సగం కొరికాడు.

"బాగుంది. చిన్నప్పుడు మా అవ్వ నాకు నువ్వులు పెట్టేది కాదు. ఎందుకో అడిగితే..."

మాట పూర్తి కాలేదు. ఆయన మెడ మీద ఎర్రగా దద్దురు లేచింది, తర్వాత ఇంకోటి. పై పెదవి లావెక్కింది. కూర్మనాథం ఆ వాపును చూసిన మరుక్షణం ఏం జరుగుతున్నదో గ్రహించాడు. అది ఆయనకు బాగా తెలిసిన దారి. అధికారిని చేయి పట్టుకుని మెట్లు దింపి, జీపు డ్రైవరు టీకి వెళ్లాడని చూసి, ఎదురొచ్చిన ఆటోలోకి ఎక్కించాడు. దారంతా ఆయన వీపు నిమురుతూ, "ఊపిరి తీస్తా ఉండండి, కంగారుపడకండి, వచ్చేసినాం," అంటూనే ఉన్నాడు.

డాక్టర్ మెహరున్నీసా సూది గుచ్చుతూ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఈసారి మీరా?" అంది విరూపాక్షప్పతో. ఆమె గొంతులో సంతోషం లేదని ప్రమాణం చేసి చెప్పలేం.

మర్నాడు ఆఫీసులో సూపరింటెండెంటు, "మన నలుగురికీ తప్ప ఎవరికీ తెలీదు సార్, వదిలేయండి," అని బతిమాలాడు. విరూపాక్షప్ప ఒప్పుకోలేదు. తన పేరు తానే నమోదు చేశాడు. తన ఫోటో కింద "ఇతనికి ఆహారము విక్రయించరాదు" అన్న ఉత్తర్వుపై తానే సంతకం పెట్టి, స్టాంపు వేసి, ఊరంతటికీ పంపాడు. బస్టాండులో ఆయన ఫోటో కూర్మనాథం పక్కన చేరింది.

విరూపాక్షప్ప భార్యాపిల్లలు చదువుల కోసం బళ్లారిలో ఉన్నారు. ఆయనది రంగప్ప హోటల్లో నెలవారీ భోజనం. రంగప్ప గుమ్మంలోనే రెండు చేతులూ జోడించాడు. "మీ ఆర్డరే సార్. కాదని పెడితే రేపు మీరే ఫైనేస్తారు." అది నిజమేనని విరూపాక్షప్ప ఒప్పుకుని వెనక్కి తిరిగాడు. ఆ రోజు నీళ్లు తాగి పడుకున్నాడు. రెండో రోజు బిస్కెట్లకని కిరాణా కొట్టుకు వెళితే కొట్టువాడు ఫోటోకేసి, ఆయనకేసి చూసి తల అడ్డంగా ఊపాడు. మూడో రోజు మధ్యాహ్నం జీపు దిగబోతూ కళ్లు తిరిగి తలుపు పట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే కూర్మనాథం కూడా ఇక తాళలేక ఓబుళమ్మ మెస్ వెనక సందులోకి వెళ్లాడు. పెరటి తలుపు దగ్గర ఎవరో తల మీద తువ్వాలు కప్పుకుని నిలబడి ఉన్నారు. తువ్వాలు తీస్తే విరూపాక్షప్ప. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

ఓబుళమ్మ తలుపు తీసింది. లోపల పొయ్యి మీద పప్పు ఉడుకుతున్న వాసన వచ్చింది.

"ఇద్దరూ వచ్చినారా? రాండి, కూర్సోండి. ఇది మెస్ కాదు, నా ఇల్లు. డబ్బులు తీసుకోను. కాబట్టి అమ్మినట్లు కాదు."

ఆకులు వేసింది. రాగి సంగటి ముద్దలు పెట్టింది. ఆకుకూర పప్పు పోసింది. విరూపాక్షప్ప చెయ్యి ముద్ద దాకా వెళ్లి ఆగిపోయింది. మెడ తడుముకున్నాడు. ఆయనకు ఇప్పుడు భయం అంటే ఏమిటో తెలుసు.

"అమ్మా," అన్నాడు నెమ్మదిగా, "దీంట్లో నువ్వులుండాయా?"

ఓబుళమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నోటితో సెప్పమంటావా సారూ? సెప్తే ఫైనెంత?"

విరూపాక్షప్ప ఆకువైపు చూశాడు, కూర్మనాథం వైపు చూశాడు. ఆయన బొమికలు తేలిన చేతులు చూశాడు. ఆఫీసు భాష ఆయన్ను వదిలిపోయింది.

"సెప్పు తల్లీ. ఆకలైతాంది."

"లేవు. బుడ్డలూ లేవు, ఈయప్పకు కూడా పనికొస్తాది. తినండి."

ఇన్ని రోజులు బిగబట్టిన మాటలన్నీ ఆమె నోట్లోంచి ఒక్కసారిగా పొంగాయి. పప్పులో ఏముందో, తాలింపులో ఏముందో, నూనె ఏ గానుగదో, ఆ గానుగవాడి కూతురు ఎవరితో వెళ్లిపోయిందో అన్నీ చెప్పింది. వాళ్లిద్దరూ వింటూ తిన్నారు. కూర్మనాథానికి మూడో ముద్ద దగ్గర కళ్లనీళ్లు వచ్చాయి. కారం ఎక్కువైందన్నాడు. విరూపాక్షప్ప ఎన్ని ముద్దలు తిన్నాడో ఎవరూ లెక్కపెట్టలేదు.

చేతులు కడుక్కున్నాక కూర్మనాథం అడిగాడు. "ఆ రూలేదో తీసేయకూడదాండి?"

"తీసేసే అధికారం నాకు లేదు," అన్నాడు విరూపాక్షప్ప విచారంగా. "నిబంధనలు చేర్చుకుంటూ పోవచ్చునే గాని తీసేందుకు ఏర్పాటు లేదు. అయితే..." ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. "ప్రయోగాత్మక పథకం పెట్టవచ్చు."

వారం రోజులు కూర్చుని ప్రతిపాదన రాశాడు. దాని పేరు మౌఖిక లేబులింగ్. "వినియోగదారుడు ఆహార పదార్థ విషయమై వంట నిర్వాహకుని ప్రశ్నించుట, సదరు నిర్వాహకుడు తనకు తెలిసిన సత్యమును నోటి ద్వారా తెలియజేయుట అను వినూత్న విధానము." రాజధానిలో అది అందరికీ తెగ నచ్చింది. ప్రపంచంలో ఇంతవరకూ ఎవరికీ తట్టలేదన్నారు. అనుమతితో పాటు నిధులూ వచ్చాయి. ఉండవచ్చు లేబుళ్లు చింపలేదు గాని, వాటి మీద "అడుగుడు, చెప్పబడును" అని మరో లేబుల్ అతికించారు. ప్రయోగం సాగినంతకాలం విక్రయ నిషేధాన్ని పక్కన పెట్టడంతో బస్టాండులో జేబుదొంగలు మళ్లీ ఒంటరివాళ్లయ్యారు.

శిక్షణ తరగతులు కూడా జరిగాయి. రాజధాని నుంచి ఒక నిపుణుడు వచ్చి, ప్రశ్నకు జవాబు ఎలా చెప్పాలో వంటవాళ్లకు తెర మీద బొమ్మలు చూపించి నేర్పాడు. మొదట వినాలి. తర్వాత ఆలోచించాలి. ఆపై నోరు తెరవాలి. ఓబుళమ్మ ముందు వరుసలో కూర్చుంది. ఆమెను లేపి అభ్యాసం చేయించారు. "నోరు తెరవడం వరకే బాగా వచ్చింది, మూయడం ఇంకా అభ్యసించాలి," అని నిపుణుడు రాసి వెళ్లాడు. రంగప్పకు మాత్రం శిక్షణ కష్టమైంది. ఎవరైనా అడిగితే చట్నీలో ఏం కలిపాడో చెప్పాల్సి వచ్చింది. రెండు రోజులు తంటాలు పడి, విధిలేక మళ్లీ కొబ్బరికాయలు కొన్నాడు.

కూర్మనాథం ఒళ్లు పట్టాడు. మెస్‌లో విరూపాక్షప్ప ఆయన పక్కనే కూర్చునేవాడు. ఇద్దరూ అడగడం చూసి పోస్టుమాస్టరు ఒకరోజు గొంతు సవరించుకుని, తనకు చిన్నప్పటినుంచి పాలు పడవని, ఎవరైనా నవ్వుతారని ఇన్నేళ్లూ పాయసం తాగి రాత్రంతా బాధపడుతున్నానని చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఓబుళమ్మ పాయసం గిన్నె ఆయన ముందునుంచి తీసేసింది. కొత్తగా వచ్చిన పంచాయతీ ఇంజినీరు తనకు గుడ్డు పడని సంగతి చెప్పుకున్నాడు. కానిస్టేబులుకు వంకాయట. ఈ కబురు మెస్‌నుంచి ఊళ్లోకి, ఊళ్లోంచి మండలాలకూ పాకింది. ఆస్పత్రికి వచ్చి చీటీ రాయించుకునేవాళ్ల వరుస పెరిగింది. డాక్టర్ మెహరున్నీసా విసుక్కోకుండా అందరినీ చూసింది. వాళ్లలో కొందరు ఏళ్లతరబడి ఎందుకు బాధపడుతున్నారో వాళ్లకే తెలియదు.

అప్పుడు రాజధాని నుంచి మెమో వచ్చింది. ఆ మధ్యాహ్నం విరూపాక్షప్ప దాన్ని మెస్‌కే తెచ్చి, కూర్మనాథానికి చదివి వినిపించాడు.

"'మౌఖిక లేబులింగ్ ప్రవేశపెట్టక మునుపు తమ జిల్లాలో అలర్జీ వినియోగదారులు ఇరువురు మాత్రమే ఉండిరి. ప్రవేశపెట్టిన పిదప వీరి సంఖ్య రాష్ట్రంలోకెల్లా అధికమైనది. ప్రశ్నించుట ద్వారా ఈ వ్యాధి వ్యాపించుచున్నట్లు అనుమానించబడుచున్నది. తక్షణమే సంజాయిషీ సమర్పించవలెను.'"

"ఏటి రాస్తారండి?" అన్నాడు కూర్మనాథం.

ఓబుళమ్మ సంగటి కలిపే కట్టెతో సహా బయటికి వచ్చింది. "రాసేదేముంది? జబ్బులు పెరగలేదు, జనానికి నోళ్లొచ్చినాయని రాయి."

"నోళ్లకు మా పట్టికలో కాలమ్ లేదమ్మా," అన్నాడు విరూపాక్షప్ప.

మెమో మీద తక్షణమే అన్న మాట కింద ఎర్రగీత ఉంది. ఆయన దాన్ని ఒకసారి చూసి, నాలుగు మడతలు పెట్టి, వేడి గిన్నె దించుకోవడానికి ఆకు పక్కన వేశాడు. పోస్టుమాస్టరు జరిగి చోటిచ్చాడు. విరూపాక్షప్ప చొక్కా చేతులు మడిచి, అన్నం మీద పప్పు పోయించుకుని, తీరిగ్గా కలపడం మొదలుపెట్టాడు.